తుప్పు పట్టని బరువు

సీమోను పాస్‌పోర్టును బల్ల మీద పడేశాడు. మామూలుగా పడేయలేదు. పేకాటలో ఆఖరి ముక్క దించేవాడిలా గదిలో అందరి మొహాలూ ఓసారి చూసుకుని మరీ పడేశాడు.

"తండాలో వీడి ఇంట్లో, రేకు పెట్టెలో, బట్టల అడుగున దొరికింది మేడమ్. టూలు అమ్మేసుకుని మస్కట్ చెక్కేద్దామని ప్లాను. ఇంకేం రుజువు కావాలి మీకు?"

అనసూయమ్మ పాస్‌పోర్టు వైపు చూడలేదు, గోడ గడియారం చూసింది. ఒంటిగంటా యాభై. మూడింటికి పోలీసు జీపు వచ్చేలా సీమోను ఎస్సైతో మాట్లాడి పెట్టుకున్నాడు. మూలన గ్యాస్ సిలిండరు పక్కన తల దించుకుని నిలబడ్డ దేవీసింగ్ దొంగ కాదని తేల్చడానికి ఆమెకు డెబ్బై నిమిషాలున్నాయి. ఒక్కసారి ఆ జీపెక్కితే అతని పని అయిపోయినట్టే. రేపు కోర్టు వదిలేసినా, ఆ తర్వాత ఏ వర్క్‌షాపువాడూ అతని చేతికి పానా కూడా ఇవ్వడు.

"రుజువు సంగతి సూద్దాం సారు. ముందుగాల చాయ్ తాగుండ్రి, సల్లారుతది," అంది.

అనసూయమ్మకు యాభై నాలుగేళ్లు. కామారెడ్డిలో రెండు గదుల ఇల్లు, ఎడమ మోకాలి నొప్పి, ఎవరి మాటనూ ఒక్కసారికి నమ్మని గుణం, ఇవే ఆమె ఆస్తిపాస్తులు. ఒక చక్కెర మిల్లులో ఇరవై రెండేళ్లు స్టోర్ కీపరుగా చేసింది. మిల్లు మూతపడ్డాక బీమా కంపెనీల తరఫున పోయిన వస్తువుల కూపీ లాగే పనిలో పడింది. ఎవరైనా డిటెక్టివ్ అంటే నవ్వేస్తుంది. సీమోను మాత్రం ఆ మాటను తన కార్డు మీద బంగారు రంగులో అచ్చేయించుకున్నాడు. పోయిన టూలును ఈ వర్క్‌షాపుకు ఎరువిచ్చిన హైదరాబాదు కంపెనీకి అతను సెక్యూరిటీ ఆఫీసరు. ఇంట్లో కూర్చున్నా నల్లద్దాలు తీయడు.

"చాయ్ తర్వాత," అన్నాడు సీమోను. "బుధవారం పొద్దున సరిగ్గా పదింటికి మా ఎండీ గారి ఫోను. టూలు విరిగింది, ఆపరేటరు మీద అనుమానంగా ఉంది, వెళ్లమన్నారు. పదీ పదికి కారులో ఉన్నా. ఒంటిగంటకు ఎల్లారెడ్డిలో దిగా. అదీ పని చేయడమంటే. మీరు నాలుగో రోజున బస్సులో వచ్చి చాయ్ గురించి మాట్లాడుతున్నారు."

"నేను బస్సులనే వస్త సారు. కిటికీ సీటు దొరికితె ఇంకా మంచిది," అని ఆమె చిన్న పుస్తకంలో ఆ టైములన్నీ రాసుకుంది. స్టోరులో పడిన అలవాటు. టైము వేయని చీటీని ఆమె ఏనాడూ లోపలికి రానివ్వలేదు.

పోయిన వస్తువు అంగుళం లావు, రెండంగుళాల పైచిలుకు పొడవు, ఒక చివర పొట్టి మొన. టంగ్‌స్టన్‌లో రీనియం అనే అరుదైన లోహం కలిపి చేసింది. ఆ వర్క్‌షాపు యజమాని బాలనర్సయ్య కూతురు రమ్య వరంగల్‌లో ఎంటెక్ చదివొచ్చి, మూలన పడి ఉన్న పాత మిల్లింగ్ మెషీన్‌ను కొత్త రకం వెల్డింగుకు మలిచింది. రెండు ఉక్కు పలకల్ని పక్కపక్కన బిగించి, అతుకు మీద టూలును గిరగిరా తిప్పుతూ లోపలికి దించుతారు. రాపిడికి ఉక్కు ఎర్రబడి మెత్తనవుతుంది, కరగదు. టూలు దాన్ని కలియబెట్టుకుంటూ ముందుకు పోతే వెనకాల రెండు పలకలూ ఒకటైపోతాయి. దేవీసింగ్ దీనికి పిసుకుడు వెల్డింగ్ అని పేరు పెట్టాడు. రమ్యకు కూడా ఆ పేరే ఖాయమైపోయింది.

ఉక్కును పిసకాలంటే ఉక్కు మెత్తబడే వేడిలో తాను గట్టిగా నిలిచే టూలు కావాలి. అలాంటివి దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. సోమవారం రైలు బోగీలు చేసే కంపెనీవాళ్లు వచ్చి రెండడుగుల అతుకు చూస్తామన్నారు. అది నిలిస్తే ఆర్డరు వస్తుంది, పన్నెండు మందికి పని దొరుకుతుంది. నిలవకపోతే బాలనర్సయ్య షట్టరు దించుకోవాలి. ఇవాళ శనివారం.

అనసూయమ్మ బల్ల మీదున్న రెండు విరిగిన ముక్కల్ని దగ్గరికి లాక్కుంది. సంచీలోంచి అయస్కాంతం తీసి ఆనించింది. ముక్క కాస్త బద్ధకంగానే అయినా వచ్చి అంటుకుంది. రెండు ముక్కల్నీ కలిపి అరచేతిలో పట్టే కాటా మీద పెట్టింది. నాలుగు వందల ముప్పై ఎనిమిది గ్రాములు.

"మంగళారం పదకొండున్నరకు ఈ సారు కంపెనీ మనిషి సాయికిరణ్ టూల్ తెచ్చిన నాడు ఎంత తూగింది రమ్యా?"

"ఐదు వందల డెబ్బై రెండు," అని రమ్య బీరువా తలుపు మీద సుద్దముక్కతో రాసిన అంకె చూపించింది. "అందరి ముంగట తూచినం. ఇది వేరేది మేడమ్. మామూలు టంగ్‌స్టన్ కార్బైడ్. దాంట్ల కోబాల్ట్ ఉంటది, అందుకే అయస్కాంతానికి అంటుకుంటది. రీనియం టూల్ అంటుకోదు."

"బుధవారం ట్రయల్ ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకు చెయ్యుండ్రని సాయికిరణ్ రాసిచ్చి పోయిండు. ఆ రోజు త్రీ ఫేజ్ కరెంటు గంట లేటుగిచ్చిన్రు. పదిన్నరకు వచ్చింది, పది నలబైకి విరిగింది. నాలుగు వేళ్లంత దూరం గూడ పోలేదు."

ఆ అంకెలు కూడా పుస్తకంలోకి ఎక్కాయి. అంటే మంగళవారం పదకొండున్నరకూ బుధవారం పది నలభైకీ మధ్య ఎవరో అసలుది తీసి నకిలీది పెట్టారు. బీరువా తాళంచెవి దేవీసింగ్ మొలతాడుకు ఉంటుంది. సీమోను కేసంతా ఆ మొలతాడు మీదే వేలాడుతోంది.

"దేవీసింగ్, ఇట్ల రా బిడ్డా. కూసో."

"నిల్సుంట అమ్మా."

"మంగళారం మూడింటికి కామారెడ్డి పోయినవు. ఎందుకు?"

"ఆర్గాన్ గ్యాస్ సిలిండర్ తేనీకె."

"తాళంచెవి?"

"రమ్యమ్మ చేతికిచ్చి పోయిన. ఏడుంబావుకు వాపసొచ్చి మల్ల తీస్కున్న."

సీమోను అందుకున్నాడు. "పోవడానికి గంట, రావడానికి గంట, గ్యాసు షాపులో ముప్పావుగంట. మిగతా గంటన్నర ఎక్కడున్నావురా? నేను చెప్పనా? టూలుకు బేరం మాట్లాడుకుని వచ్చావు. రాత్రి బీరువా తీసి మార్చేశావు. పొద్దున ఏమీ ఎరగనట్టు మెషీన్ పక్కన నిలబడ్డావు."

దేవీసింగ్ బల్ల అవతల కూర్చున్న బాలనర్సయ్య వైపు ఒకసారి చూసి మళ్లీ నేల చూపులు చూశాడు. ఈ మౌనమే నాలుగు రోజులుగా అతని కొంప ముంచుతోంది.

"ఆయన్ని 'రా' అనకుండ్రి సారు. ముప్పై ఎనిమిదేండ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి," అంటూ అనసూయమ్మ సంచీలోంచి టైము వేసిన ఒక రసీదు తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టింది. "ఇది దొరికిందని నిన్ననే ఇన్న, అందుకే పొద్దుగాల కామారెడ్డిల గల్ఫ్ ఏజెంట్ కాడికి పోయొచ్చిన. మంగళారం నాలుగున్నర నుంచి ఆరు దాక ఆ ఆఫీసుల బెంచి మీద కూసున్నడట. పాస్‌పోర్ట్ వాపసిచ్చె దాక లేవనని కూసున్నడట. మీరు ఈ పాస్‌పోర్ట్ సూసి పారిపోయెటోడు అనుకున్నరు. మీది పట్నం, మీకు తెల్వది. మా దిక్కు వాడకు పదిమంది దుబాయ్, మస్కట్ పోతరు. పోయెటోడి పాస్‌పోర్ట్ ఏజెంట్ కాడ ఉంటది, వీసా కొట్టియ్యాలె గద. పెట్టెల బట్టల కింద పాస్‌పోర్ట్ ఉన్నదంటె ఆ మనిషి పోతలేడన్నట్టు."

బాలనర్సయ్య దేవీసింగ్ వైపు తిరిగాడు.

"పోదామనుకున్నవా దేవీ? నాకు ఒక్క మాట చెప్పకుంట?"

"మొన్న ఎండకాలం పని లేకుండె సేటూ. అప్పుడిచ్చిన." అన్నాడు దేవీసింగ్. "రమ్యమ్మ మెషీన్ నడిపిచ్చినంక ఇగ పోవద్దనిపిచ్చింది. గిది నేర్సుకుంటె ఈడనే బతకొచ్చు, పిల్లల కాడ ఉండొచ్చు అనుకున్న. మీకు తెలిస్తె వీడు ఎన్నడన్న పోతడే అని పని నేర్పరేమో అని భయమైంది. అందుకే చెప్పలే."

బాలనర్సయ్య లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ పెద్దాయన కళ్లు చెమర్చాయి. అనసూయమ్మ గడియారం చూసింది, రెండూ అయిదు.

సీమోను రసీదు అందుకుని చదివి, చప్పట్లు కొట్టాడు. "బాగుంది. కళ్లనీళ్లు వచ్చాయి. మస్కట్ పోవడం లేదు, ఒప్పుకున్నా. మంగళవారం రాత్రంతా తాళంచెవి ఎవరి దగ్గరుంది? దానికి జవాబు చెప్పండి మేడమ్."

ఆమె పెన్ను తీసి ఆ ప్రశ్నను పుస్తకంలో రాయబోయింది. మనిషి ఆచూకీ అణా పైసలతో తేలినా, వస్తువు ఆచూకీ తేలనిదే కేసు తేలినట్టు కాదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"దేవీ కొడుకా, గసొంటి ముక్క ఇంకోటి ఉంటె ఇయ్యరాదు? మొన్న గోడ దాటి అచ్చింది గద, గది మస్తు మంచిగున్నది. నాలుగొద్దులాయె, ఇంత గూడ తుప్పు పడ్తలేదు."

వర్క్‌షాపు వెనక గోడ అవతల ఉండే లింగవ్వ. అరవై దాటిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చేస్తోంది.

"ఎవరీమె? బయటికి పంపండి," అని సీమోను కసిరాడు. "ఇక్కడ లక్షల విషయం మాట్లాడుతుంటే!"

"ఆగుండ్రి," అంది అనసూయమ్మ. ఆమె చేతిలోని పెన్ను గాలిలోనే ఆగిపోయింది.

అనసూయమ్మ తల్లి బీడీలు చేసే ఆమెను చదివించింది. బీడీ చుట్టే తునికాకును సాయంత్రం నీళ్లలో నానబెడతారు. తర్వాత తడి గోనెలో చుట్టి పైన బరువు పెడతారు. అప్పుడు పొద్దుటికి ఆకు మెత్తగా, చదునుగా కత్తెరకు లొంగుతుంది. రాయి పెడితే ఒరిగిపోతుంది. ఇనుము పెడితే సరిగ్గా కూర్చుంటుంది కానీ రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఆకుకు అంటితే కార్ఖానావాళ్లు ఆ బీడీలు తీసి పారేస్తారు, రోజంతా వంగి చేసిన పని మట్టిలో పోతుంది. అందుకే లింగవ్వకు ఈ వర్క్‌షాపుతో ఎప్పుడూ ఇదే పేచీ. రెండు రోజులకోసారి కొత్త ముక్క కావాలంటుంది. విసిగిపోయిన బాలనర్సయ్య, గోడ దాటి పడిన ముక్క ఏదైనా లింగవ్వదే అని ఎన్నడో తీర్పు చెప్పేశాడు.

తడి గోనెలో నాలుగు రోజులుండి తుప్పు పట్టని ఇనుమును అనసూయమ్మ ఇంతవరకు చూడలేదు.

"స్టెయిన్‌లెస్ స్టీల్ ఉంటదేమో," అంది రమ్య.

"మన కాడ స్టెయిన్‌లెస్ ఏడున్నది రమ్యమ్మా? ఒక్క ముక్క లేదు," అన్నాడు దేవీసింగ్.

"అవ్వా, ఆ ముక్క ఎంతుంటది?" అని అడిగింది అనసూయమ్మ.

"చిన్నగనే ఉంటది బిడ్డా. గని ఎత్తితె చెయ్యి కిందికి గుంజుతది. గంత చిన్నదానికి గంత బరువేందో!"

రమ్య కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది.

బాలనర్సయ్య వెనక తలుపు తాళం తీస్తే సందులోంచి అందరూ లింగవ్వ పెరట్లోకి చేరేసరికి రెండూ పన్నెండు. అనసూయమ్మ అందర్నీ గుమ్మం దగ్గరే నిలబెట్టి ముందు తానొక్కతే లోపలికి పోయింది. పెరడు పది అడుగులుంటుంది. గోడకు మూడడుగుల దూరంలో నేల మీద, ఆకులు నానబెట్టే మట్టి గోలెం ఉండిన గుండ్రటి అచ్చు, దాని పక్కన వరసగా పేర్చి పెట్టిన గోలెం పెంకులు. గోడ పైవరస ఇటుకల మీద మట్టి చెక్కుచెదరలేదు. ఎవరూ గోడ ఎక్కలేదు, అవతలి నుంచి విసిరారు. పెంకుల పక్కన ఆకుల మూట ఉంది. ఆమె మోకాలిని తిట్టుకుంటూ కూర్చుని గోనె మడత తీసింది.

బూడిద రంగు ముక్క. కొనదేలిన చిన్న మొన. ఒక్క ఎర్ర చుక్క కూడా లేదు. కింద ఆకులు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి.

అయస్కాంతం ఆనించింది. అంటుకోలేదు. కాటా మీద పెట్టింది. అంకెలు కాసేపు తచ్చాడి నిలబడ్డాయి.

"ఐదు వందల డెబ్బై రెండు," అని ఆమె పైకే చదివింది.

రమ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. పరుగున వచ్చి మొనను వెలుతురులో తిప్పి చూసింది. "విరగలే! నానిన ఆకుల మీద పడ్డది, అందుకే విరగలే!"

"గిదేనా మీరు ఎంకులాడేది?" లింగవ్వ బిత్తరపోయింది. "లచ్చల సామాను అంటె తళతళ మెరుస్తదనుకున్న. గిది ఇనుప ముక్కనాయె!"

"నీకు ఎప్పుడు దొరికింది అవ్వా? యాది చేసుకొని చెప్పు."

"మంగళారం. నాలుగింటికి బీడీలు ఇయ్యనీకె కార్ఖానాకు పోయిన. ఐదుకు మర్లచ్చిన. చూస్తె గోలెం పలిగి నీళ్లన్ని పారినయ్. ఆకుల నడుమ గిది కూసున్నది. లొల్లి పెడ్దామనుకున్న. చేతిల పట్టుకుంటె మంచిగనిపిచ్చింది. గోలెంకు బదులు గిది వచ్చిందిలే అని ఊకున్న."

సీమోను వేలు దేవీసింగ్ వైపు తిరిగింది. "చూశారా? తర్వాత తీసుకుందామని వీడే ఇటు విసిరాడు!"

"మంగళారం నాలుగుకూ ఐదుకూ నడుమ," అంది అనసూయమ్మ. "అప్పుడు ఈయన కామారెడ్డిల ఉన్నడు. రసీదు మీ చేతిలనే ఉన్నది, మీద ఏజెంట్ టైము ఏసిండు."

సీమోను చేతిలోని రసీదును చూసుకున్నాడు. వేలు మెల్లగా కిందికి దిగింది. "అయితే ఎవరు?"

"రమ్యా, ఆ గంటల తాళంచెవి నీ కాడ ఉన్నది. బీరువా తీసినవా?"

రమ్య మొహంలో రంగు పోయింది. "తీసిన. నాలుగూ పదికి. సాయికిరణ్ అడిగిండు. రిపోర్టుల పెట్టనీకె ఎండల ఫొటోలు తీస్తనన్నడు. ఒక్కడే టూల్ పట్టుకొని వెనకాల గోడ కాడికి పోయిండు. ఐదు నిమిషాలల్ల డబ్బ మూసి తెచ్చిచ్చిండు. వాళ్ల కంపెనీ టూల్, వాళ్ల మనిషి. నేను మూత తీసి చూడలే మేడమ్. మల్ల తూచలే."

"జేబుల పెట్టుకొని పోవచ్చు గద? గోడ మీదికెల్లి ఇసురుడెందుకు?" అని అనసూయమ్మ అడిగింది.

దీనికి బాలనర్సయ్య జవాబిచ్చాడు. "మా గేటు కాడ బయటికి పోయెటప్పుడు నాతోని సహా అందరి సంచులు, జేబులు చూస్తరు. డ్రిల్ బిట్లు పోతున్నయని పోయినేడు పెట్టిన రూల్."

"విసిరి, పని అయినంక బయటికెల్లి తీస్కుందామనుకున్నడు," అంది అనసూయమ్మ. "అప్పటికి అవ్వ వచ్చి కూసున్నది. ఐదున్నర బస్సుకు ఒట్టి చేతులతోని ఎల్లిపోయిండు."

"నాన్సెన్స్!" సీమోను గొంతు పెరట్లో మార్మోగింది. "మా టూలును మా మనిషే దొంగిలిస్తాడా? క్లెయిము ఎగ్గొట్టడానికి మీ బీమావాళ్లు ఆడే నాటకం ఇది. నాకు తెలియదనుకోకండి."

అనసూయమ్మకు మొదటిసారి కోపం వచ్చింది. లేచి నిలబడింది.

"నాటకమా సారు? ఈ ఏడాదిల మీ కంపెనీది ఇది నాలుగో క్లెయిము. అందుకే నన్ను పంపిన్రు. నాలుగు ఊర్లు, నాలుగు వర్క్‌షాపులు. ప్రతిసారి నకిలీ టూల్ విరిగింది, అసలుది దొరకలే, బీమా పైసలు మీ కంపెనీకి. ప్రతిసారి తాళంచెవి ఉన్న పనోడే దొంగ అని తేలింది. తేల్చినది మీరే."

"అది నా రికార్డు," అన్నాడు సీమోను. కానీ ఆ మాటలో ఇందాకటి జోరు లేదు.

రమ్య వెంట తెచ్చిన నకిలీ ముక్కల్ని అసలు టూలు పక్కన పెట్టి చూస్తోంది. "మేడమ్, నకిలీది ఎంత నున్నగ చేసిన్రో చూడుండ్రి. మొన, వాలు, అంతా సేమ్. కార్బైడ్‌ను వజ్రం చక్రంతోని తప్ప అరగదియ్యలేం. అసొంటి చక్రం మా జిల్లాలనే లేదు. వీళ్ల కంపెనీల ఉన్నది, నేను పోయి చూసిన."

టైము అప్పటికి రెండూ ఇరవై ఆరు.

"ఇప్పుడు కరెంటున్నదా?" అని అనసూయమ్మ అడిగింది.

"మూడింటి దాక ఉంటది."

"మరింక నిలబడ్డరెందుకు? బిగించుండ్రి. ఇది అసలుదో కాదో కాగితం కన్న ఉక్కే మంచిగ చెప్తది."

వర్క్‌షాపుకు తిరిగొచ్చి పలకలు బిగించడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. టూలును బిగించే పానా రమ్య తీసుకుని, ఒక్క క్షణం ఆగి, దేవీసింగ్ చేతికిచ్చింది. నాలుగు రోజుల నుంచి అతన్ని ఎవరూ మెషీన్ ముట్టుకోనివ్వలేదు. అతను ప్యాంటుకు అరచేతులు రెండుసార్లు తుడుచుకుని పానా అందుకున్నాడు.

"బోరాన్ నైట్రైడ్ టూల్ తీస్కుంటె ఇంకా ఎక్కువ రోజులొస్తదని కంపెనీ చెప్పింది," అని రమ్య అనసూయమ్మ చెవిలో చెప్పింది. "నేనే వద్దన్న. అది గాజు లెక్క పెళుసు. మన కాడ కరెంటు నడుమల పోతది. ఉక్కు సల్లారి టూల్‌ను పట్టేసుకుంటది, మళ్ల తిప్పితే ఫట్మంటది. రీనియం దెబ్బకు ఓర్చుకుంటది. మన ఊరికి ఇదే సరి."

ఆర్గాన్ సన్నగా బుస కొట్టింది. టూలు తిరుగుతూ పలకల మీదికి దిగింది. ముందు చిన్న కీచు, తర్వాత నిలకడైన హోరు. మొన చుట్టూ ఉక్కు నారింజ రంగుకు తిరిగింది. దేవీసింగ్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి, కళ్లు సగం మూసి శబ్దం వింటున్నాడు. నాలుగు వేళ్ల దూరం దగ్గర, బుధవారం విరిగిన చోట, అందరి ఊపిరీ ఆగింది. టూలు ఆ చోటు దాటింది. జానెడు దాటింది. మూర దాటింది. వెనకాల ఉక్కు మీద సన్నటి అలల గీత పరుచుకుంటూ వచ్చింది.

రెండు నలభై ఆరుకు దేవీసింగ్ టూలును పైకెత్తాడు. మొన ఉన్నది ఉన్నట్టుంది. రెండడుగుల అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క చోట తెగకుండా ఉంది.

"అయింది సేటూ," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేకపోయాడు. బాలనర్సయ్య అతన్ని కావలించుకున్నాడు. ఏం జరిగిందో తెలియకపోయినా లింగవ్వ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అనసూయమ్మ చిన్న పుస్తకం తెరిచింది.

"సీమోను సారు, బుధవారం మీకు ఎండీ గారి ఫోన్ ఎన్నింటికి వచ్చింది?"

"చెప్పానుగా. సరిగ్గా పదింటికి. పదకొండింటికి ఆయన పుణె విమానం ఎక్కాలి, అందుకే ముందే చేశారు."

"ఏమన్నడు?"

"ఎల్లారెడ్డిలో టూలు విరిగింది, వెళ్లమన్నారు."

"ట్రయల్ తొమ్మిదిన్నరకు అని సాయికిరణ్ రాసిచ్చిండు. తొమ్మిదిన్నరకు మొదలైతే పదింటికి విరిగే ఉంటదని హైదరాబాదుల కూసున్నాయన లెక్క. ఎల్లారెడ్డి కరెంటు గురించి ఆయనకు తెల్వదు." ఆమె పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. రెండు టైములు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. "టూల్ విరిగింది పది నలబైకి సారు. విరగకముందు నలబై నిమిషాలకే విరిగిందని ఆయనకు ఎవరు చెప్పిన్రు?"

సీమోను ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు. తర్వాత నల్లద్దాలు తీశాడు. లోపల ఉన్నవి నిద్రలేని మామూలు మనిషి కళ్లు.

"మిగతా మూడుసార్లు కూడా ఆయనే ఫోన్ చేశారు," అన్నాడు మెల్లగా. "ముగ్గురు. ఒకతని భార్య నా కాళ్లు పట్టుకుంది. నటిస్తోందనుకున్నాను." అద్దాలు మడిచి జేబులో పెట్టుకుని, "ముగ్గురి పేర్లూ నాకు గుర్తున్నాయి మేడమ్. ఊళ్లు కూడా," అన్నాడు.

"అయితే వాళ్లకు మంచి రోజులు వచ్చినట్టే. ఎనకకు తిరిగి పోయి చెప్పుండ్రి. నేను గూడ వస్త."

సీమోను బల్ల మీది పాస్‌పోర్టు తీసి, రెండు చేతులతో పట్టుకుని దేవీసింగ్‌కు అందించాడు. క్షమించమని అడగడం అతనికి రాలేదు. దేవీసింగ్ తీసుకుని తల ఊపాడు.

అదే క్షణంలో సీమోను జేబులో ఫోను మోగింది. తెర మీద ఎండీ పేరు చూసి అతను అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కాడు.

"సీమోనూ, పని అయిందా?" అవతలి గొంతు నింపాదిగా ఉంది. వెనకాల కారు హారన్ వినిపిస్తోంది. "నేను కామారెడ్డి దాటాను. గంటలో అక్కడుంటా. ఆ లంబాడీవాణ్ని పోలీసులకు అప్పజెప్పావా? కంప్లైంటు మీద నేను సంతకం పెట్టాలి కదా."

గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. గడియారం మూడు కొట్టింది. మీద తిరుగుతున్న ఫ్యాను కరెంటు పోయి మెల్లగా ఆగిపోతోంది.

సీమోను దేవీసింగ్ వైపు చూశాడు, తర్వాత పలకల మీద ఇంకా వేడిగా ఉన్న ఆ అతుకు వైపు చూశాడు.

"దొంగ దొరికాడు సార్," అన్నాడు. "పోలీసులు కూడా వచ్చారు. మీరు వచ్చి సంతకం పెట్టడమే తరువాయి."